విశాఖ తీరంలో ఇల్లు: దూరదేశం నుంచి కొనేవాళ్లు పేటను ఎలా ఎంచుకోవాలి

మా తమ్ముడు న్యూజెర్సీ నుంచి ఒక వీడియో పంపాడు. డ్రోన్ సముద్రం మీదుగా ఎగిరొచ్చి ఎనిమిదో అంతస్తు బాల్కనీ ముందు ఆగుతుంది. నీలం నీళ్లు, తెల్లటి గోడలు, కింద కొబ్బరి చెట్లు. "అక్కా, అడ్వాన్స్ ఇచ్చేయమంటావా? ఈ వారం దాటితే రేటు పెంచుతారట" అన్నాడు. మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద వెళ్లి చూశాను. వీడియోలో చూపించినవన్నీ ఉన్నాయి. చూపించనివి కూడా ఉన్నాయి. గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా ముప్పావు కిలోమీటరు మట్టిదారి, ప్రహరీ పక్కనుంచే పోయే గెడ్డ (కొండవాగు), లైనులో నిలబడ్డ నీళ్ల ట్యాంకర్లు. ఆ ఇల్లు మా అమ్మానాన్నల కోసం. నాన్నకు డెబ్బై నాలుగేళ్లు, అమ్మకు మోకాళ్ల నొప్పులు.

ఆ తర్వాత ఏడాదికి పైగా నేను పేట పేటా తిరిగాను. ఫ్లాట్‌లో టైల్స్ నచ్చకపోతే మార్చుకుంటాం, కిచెన్ మళ్లీ కట్టించుకుంటాం. పేటను మార్చడం మన చేతిలో లేదు. కాబట్టి ముందు పేట, తర్వాతే ఫ్లాట్. దుబాయ్‌లోనో డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి వైజాగ్‌లో సముద్రం దగ్గర ఇల్లు కొనాలనుకునేవాళ్లు ఏ పని తర్వాత ఏ పని చేయాలో కింద రాశాను. ఈ వరుస తప్పకండి. మేం మొదట తప్పాం, దానివల్ల ఆరు నెలలు పోయాయి.

ముందుగా: ఆ ఇంట్లో ఎవరు ఉంటారు?

మీరు ఏడాదిలో మూడు వారాలు వస్తారు. మిగతా నలభై తొమ్మిది వారాలు ఆ ఇంట్లో ఎవరు ఉంటారో కాగితం మీద రాయండి. అమ్మానాన్నలా? అద్దెకుండేవాళ్లా? పదేళ్ల తర్వాత రిటైరై వచ్చే మీరా? ఒక్క జవాబే రాయాలి. "అన్నీ" అని రాస్తే ఏ పేటా కుదరదు. మా తమ్ముడు మొదట "అన్నీ" అనే అన్నాడు, అందుకే రుషికొండకూ ఎంవీపీ కాలనీకీ మధ్య ఊగిసలాడాం.

పెద్దవాళ్ల కోసమైతే లెక్క ఇలా వేసుకోండి. రాత్రి పదకొండు గంటలకు గుండెలో నొప్పి వస్తే ఆస్పత్రికి పదిహేను నిమిషాల్లో చేరగలరా? కూరగాయలకు, మందుల షాపుకు, గుడికి ఆటో ఎక్కకుండా వెళ్లగలరా? కరెంటు పోతే లిఫ్ట్ జనరేటర్ మీద నడుస్తుందా? వీటిలో ఒక్కదానికి "లేదు" అని వచ్చినా ఆ పేటను పక్కన పెట్టండి, ధర ఎంత తక్కువైనా సరే. అద్దె కోసమైతే ఉద్యోగాలు, కాలేజీలు ఎక్కడున్నాయో చూడండి. మీ రిటైర్మెంట్ కోసమే అయితే తొందరేమీ లేదు, భీమిలి వైపు కూడా ధైర్యంగా చూడొచ్చు.

తర్వాత: తీరాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి చదవండి

పెద్ద మ్యాప్ ఒకటి ముందు పెట్టుకోండి. వైజాగ్‌కు ఒక పక్క సముద్రం, మిగతా పక్కల కొండలు. యారాడ కొండ, సింహాచలం కొండ, కైలాసగిరి. ఊరు వీటి మధ్య ఇరుక్కుని పెరిగింది. అందుకే రెండు కిలోమీటర్ల తేడాలోనే గాలి, నీళ్లు, ట్రాఫిక్ మారిపోతాయి. "వైజాగ్‌లో సముద్రం దగ్గర" అనే మాటకు కనీసం ఆరు రకాల అర్థాలున్నాయి.

దక్షిణాన గాజువాక, కూర్మన్నపాలెం, షీలానగర్. స్టీల్‌ప్లాంట్, గంగవరం పోర్టు, రిఫైనరీ, షిప్‌యార్డ్ అన్నీ ఈ వైపే. యారాడ బీచ్ ఎంతో అందంగా ఉంటుంది, కానీ కొండ దాటి వెళ్లాలి, అక్కడ నివాసానికి అనువైన చోట్లు తక్కువ. ఆ పరిశ్రమల్లో ఉద్యోగం చేసే కుటుంబాలకు గాజువాక చాలా సౌకర్యం. అన్నీ దొరుకుతాయి, బస్సులు బాగున్నాయి. సముద్రం కోసం వచ్చేవాళ్లకు మాత్రం అది సరిపోదు.

కొంచెం ఉత్తరానికి వస్తే పోర్టు, వన్‌టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం, శ్రీహరిపురం. వన్‌టౌన్ అంటే నాకు ప్రాణం, ఊరు పుట్టిన చోటు అది. అయినా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు అక్కడ ఇల్లు కొనమని చెప్పలేను. పోర్టులో దిగే బొగ్గు, ఖనిజాల ధూళి గాలితో ఇళ్లమీదికి వస్తుంది. కొండల మధ్య గిన్నెలా ఉన్న చోటు కాబట్టి చలికాలంలో పొగ త్వరగా పోదు. ఉదయం బాల్కనీ రెయిలింగ్ మీద వేలితో గీసి చూడండి, తెలిసిపోతుంది.

ఆ పైన ఆర్కే బీచ్, మహారాణిపేట, పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, దసపల్లా హిల్స్. కింగ్ జార్జ్ ఆస్పత్రి, కలెక్టరేట్, ఆంధ్రా యూనివర్సిటీ, సిరిపురం అన్నీ అందుబాటులో ఉంటాయి. ఇక్కడ ఖాళీ స్థలం దాదాపు లేదు, కాబట్టి దొరికేవి పాత అపార్ట్‌మెంట్లు, లేదంటే పాత బంగళా పడగొట్టి కట్టిన కొత్తవి. పాతది కొంటే ప్లింత్ ఏరియా కంటే భూమిలో మీ అవిభాజ్య వాటా ఎన్ని గజాలో ముందు చూడండి. ఇరవై ఏళ్ల తర్వాత బిల్డింగ్ పడగొట్టి మళ్లీ కట్టాల్సి వస్తే మిగిలేది ఆ గజాలే. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో జనం ఎంతమంది ఉంటారో ఒకసారి స్వయంగా చూడండి. బీచ్‌లో నేవీ విన్యాసాలు జరిగే రోజుల్లో సొంత గేటులోకి కారు పెట్టుకోవడం కూడా కష్టమే.

ఈ బీచ్ గురించి తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తాయి. హార్బర్ కట్టాక ఆ ఇసుక హార్బర్‌కు దక్షిణాన ఉన్న డాల్ఫిన్ నోస్ కొండ దగ్గరే ఆగిపోతోంది. అందుకే పోర్టు వాళ్లు డ్రెడ్జర్లతో ఇసుక తవ్వి ఆర్కే బీచ్‌లో పోయిస్తుంటారు. అలా పోయకపోతే బీచ్ కోసుకుపోతుంది. ఇసుక నడిచే దారిలో కట్టడం ఏది వచ్చినా దానికి ఉత్తరాన ఉన్న తీరం నష్టపోతుందని గుర్తుంచుకోండి. ఒడ్డున రాళ్లు పేర్చి ఉన్నాయంటే అక్కడ కోత మొదలైనట్టే.

తర్వాత చినవాల్తేరు, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ కాలనీ. మా వెతుకులాట చివరికి ఇక్కడే ఆగింది. అందరూ ఎంవీపీ అంటారు గానీ దాని అసలు పేరు మువ్వలవానిపాలెం. అప్పటి నగరాభివృద్ధి సంస్థ వుడా సెక్టార్లుగా వేసిన కాలనీ కాబట్టి రోడ్లు తిన్నగా ఉంటాయి, పార్కులు ఉన్నాయి, రైతుబజార్ ఉంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండటానికి తీరం పొడవునా దీనికంటే మంచి చోటు నాకు కనిపించలేదు. ధర ఎక్కువ, పార్కింగ్ తక్కువ, పాత ఫ్లాట్లలో లిఫ్ట్ ఇరుకు. ఇవి భరించగలిగిన ఇబ్బందులే.

కైలాసగిరి దాటాక జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, ఎండాడ. అటు హైవే వైపు విశాలాక్షినగర్, హనుమంతవాక, ఆరిలోవ. ఆరిలోవ దగ్గర హెల్త్ సిటీలో పెద్ద ఆస్పత్రులు వరుసగా ఉన్నాయి, హనుమంతవాకలో ప్రభుత్వ ఆస్పత్రి విమ్స్ ఉంది. కాబట్టి ఈ పట్టీలో వైద్యం విషయంలో బెంగ లేదు. ఇక్కడ చూసుకోవాల్సింది కొండవాలు. దాని గురించి వాన దగ్గర చెబుతాను.

రుషికొండ, మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది కొత్త వైజాగ్. ఐటీ కొండలు, గీతం యూనివర్సిటీ, క్రికెట్ స్టేడియం, గేటెడ్ కమ్యూనిటీలు ఉన్నాయి. అద్దె కోసం కొనేవాళ్లకు నా సలహా ఇదే పట్టీ. అయితే ఇక్కడ నుంచి రైల్వే స్టేషన్‌కు, పాత ఊరికి హైవే మీద గంట పట్టే రోజులుంటాయి. కొత్త కంపెనీ వస్తోందని ప్రకటన రాగానే గజం ధర ఎగిరిపోతుంది, కంపెనీ తెరిచేసరికి ఏళ్లు పడుతుంది. ప్రకటనను చూసి కొనకండి. ఇవాళ అక్కడ వెలుగుతున్న ఆఫీసుల్ని చూసి కొనండి.

ఇంకా ఉత్తరాన కాపులుప్పాడ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. ఆర్కే బీచ్ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద సుమారు 25 కిలోమీటర్లు. దేశంలోని పాత మునిసిపాలిటీల్లో ఒకటి భీమిలి, 1861లో ఏర్పడింది. ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిసింది. డచ్చి వాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తని సముద్రంలో కలిసే చోటు చూస్తే అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. ప్రశాంతత కావాలంటే తీరంలో ఇదే చోటు. కానీ రాత్రిపూట స్పెషలిస్టు డాక్టర్ కావాలంటే ఊళ్లోకి రావాలి. కాపులుప్పాడలో నగరం చెత్తంతా చేరే డంపింగ్ యార్డ్ ఉంది. ఆ చుట్టుపక్కల చూసేటప్పుడు వేర్వేరు రోజుల్లో, గాలి వేర్వేరు దిక్కుల్లో వీచేటప్పుడు వెళ్లి నిలబడండి. తొట్లకొండ, బావికొండ, ఎర్రమట్టి దిబ్బలు రక్షిత స్థలాలు, ఐఎన్ఎస్ కళింగ నౌకాదళానిది. వీటి పక్కన కట్టడాలకు అదనపు అనుమతులు అడుగుతారు.

భోగాపురం విజయనగరం జిల్లాలోది. కొత్త విమానాశ్రయం పేరుతో అక్కడ ప్లాట్లు అమ్మేవాళ్లు మీకు ఎలాగూ ఫోన్ చేస్తారు. పెట్టుబడిగా అయితే అది వేరే చర్చ. ఇల్లు కట్టుకుని ఉండాలనుకుంటే రన్‌వే వరుసలో ఉన్న చోటు వద్దు.

సముద్రం నుంచి ఎన్ని అడుగులు వెనక్కి?

ఇక్కడ రెండు లెక్కలున్నాయి, ఒకటి చట్టానిది, రెండోది ఉప్పుది.

చట్టం పేరు కోస్టల్ రెగ్యులేషన్ జోన్, అందరూ సీఆర్‌జెడ్ అంటారు. పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్లు చేరే గీత నుంచి లోపలికి 500 మీటర్ల దాకా ఈ నిబంధనలు వర్తిస్తాయి. గోస్తనిలా పోటు నీరు ఎక్కే నదుల ఒడ్డుకు కూడా వర్తిస్తాయి. అప్పటికే కట్టడాలతో నిండిన నగర ప్రాంతంలో, ముందునుంచి ఉన్న రోడ్డుకు నేల వైపున కట్టుకోవచ్చు, సముద్రం వైపున కొత్తగా కట్టకూడదు. పల్లె ప్రాంతంలో 2011 నోటిఫికేషన్ ప్రకారం 200 మీటర్ల వరకు కొత్త కట్టడం కుదరదు. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న పల్లెలకు దాన్ని 50 మీటర్లకు తగ్గించింది, మిగతా చోట్ల 200 అలాగే ఉంది. కాబట్టి "బీచ్ ఫ్రంట్ విల్లా" అని ఎవరు చెప్పినా వెంటనే రెండు కాగితాలు అడగండి. సర్వే నంబర్‌తో సహా సీఆర్‌జెడ్ మ్యాప్‌లో ఆ స్థలం ఎక్కడ పడుతుందో చూపించేది ఒకటి, కోస్టల్ జోన్ మేనేజ్‌మెంట్ అథారిటీ నుంచి వచ్చిన అనుమతి ఇంకొకటి. "అందరూ కట్టుకుంటున్నారు కదండీ" అనేది అనుమతి కాదు.

ఉప్పు లెక్క ఇంతకంటే ముఖ్యం, ఎందుకంటే అది అందరికీ తగులుతుంది. మా పిన్ని వాళ్ల ఫ్లాట్ సరిగ్గా బీచ్ రోడ్డు మీదే ఉంటుంది. మూడేళ్లకే కిటికీ గ్రిల్స్ పొరలు పొరలుగా ఊడాయి, ఏసీ బయటి యూనిట్ మార్చాల్సి వచ్చింది, శ్లాబు అడుగున పెచ్చులూడి లోపలి ఇనుప చువ్వ కనిపించింది. అలా ఎందుకవుతుందంటే, ఉప్పు గాలి కాంక్రీట్‌లోకి దిగితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బే పెచ్చును తోసేస్తుంది. తీరంలో గాలికి నేరుగా ఎదురయ్యే కట్టడానికి కాంక్రీట్ కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడు కాంక్రీట్, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల మందం కాంక్రీట్ కవర్ ఉండాలంటుంది. నీటి తుంపర్లు పడే చోటైతే ఎం35, 50 మిల్లీమీటర్లు. బిల్డర్‌ని ఈ అంకెలు అడగండి. చెప్పలేకపోతే ఇంజినీర్ని పిలిపించి టెస్ట్ చేయించండి. పాత ఫ్లాట్ అయితే టెర్రస్ మీదికీ సెల్లార్‌లోకీ వెళ్లి శ్లాబు అడుగు భాగాన్ని టార్చ్‌లైట్ వేసి చూడండి. హాల్లో కొత్త పెయింట్ ఏమీ చెప్పదు.

నా మటుకు నేను రెండు మూడు వీధులు వెనక్కి, మధ్యలో చెట్లో బిల్డింగులో అడ్డం ఉన్న చోటే ఎంచుకుంటాను. సాయంత్రం గాలి అక్కడికీ వస్తుంది. పది నిమిషాలు నడిస్తే సముద్రమూ వస్తుంది.

వ్యూ కోసమే కొంటున్నట్టయితే, మీకూ సముద్రానికీ మధ్య ఉన్న ఖాళీ స్థలం ఎవరిదో కనుక్కోండి. అక్కడ పది అంతస్తులు లేవడానికి అనుమతి ఉంటే మీ వ్యూ మూడేళ్లే. ఇంకో మాట, వాస్తు నమ్మేవాళ్లకు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది, కాబట్టి చాలా చోట్ల సముద్రం ఉండేది ఆగ్నేయంలో. "తూర్పున సముద్రం" అనుకుని అన్నీ మాట్లాడుకున్నాక నాన్న దిక్సూచి తీసి, ఆగ్నేయంలో నీళ్లేమిటని అభ్యంతరం చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లకు పట్టింపు ఉంటే ఈ మాట మొదటి రోజే తేల్చుకోండి.

వాన కురిసే రోజు వెళ్లండి

అందరూ డిసెంబర్, జనవరి సెలవుల్లో వచ్చి ఇల్లు చూస్తారు. ఆ రెండు నెలల్లో వైజాగ్‌లో ప్రతి పేటా బాగానే ఉంటుంది. చూడాల్సింది అక్టోబర్‌లో, వాయుగుండం పట్టినప్పుడు. మీరు రాలేకపోతే మీ మనిషిని పంపించండి. నేను అలా గొడుగేసుకుని వెళ్లబట్టే మొదటి ఫ్లాట్ గురించి తెలిసింది. గేటు ముందు ఇస్త్రీ బండి అబ్బాయి చెప్పాడు: "గట్టిగా వాన పడితే గెడ్డ రోడ్డెక్కేస్తాదమ్మా. ఆటోలు రావు. కారులోళ్లు అటు హైవే కాడ ఎట్టుకుని నడిసొస్తారు."

గెడ్డలంటే కొండల మీంచి సముద్రంలోకి పోయే వాగులు. ఏడాదిలో పది నెలలు ఎండి మురికి కాలువలా కనిపిస్తాయి. కొండ మీద వాన పడితే గంటలో నిండుతాయి. చాలా గెడ్డల్ని ఇరుకు చేసి, పక్కలు పూడ్చి కట్టేశారు. గూగుల్ మ్యాప్‌లో శాటిలైట్ చిత్రం పెట్టి కొండ నుంచి సముద్రం దాకా ఆ పచ్చటి గీత ఎటు పోతుందో వెతకండి. పాత సంవత్సరాల చిత్రాలు గూగుల్ ఎర్త్‌లో దొరుకుతాయి. పదిహేనేళ్ల కిందట నీళ్లున్న చోట ఇవాళ సెల్లార్ ఉందంటే ఆ సెల్లార్‌లోకి నీళ్లు మళ్లీ వస్తాయి.

కొండవాలు మీద అయితే ప్రశ్న వేరు. వెనక కొండను నిలువుగా చెక్కి కట్టారా? రిటైనింగ్ వాల్ ఉందా? దానిలో నీళ్లు బయటికి పోవడానికి గొట్టాలు ఉన్నాయా? గోడ వెనక నీళ్లు నిలిచిపోతే ఆ బరువుకే గోడ కూలుతుంది. వాన పడుతున్నప్పుడు ఆ గొట్టాల్లోంచి నీళ్లు కారుతుంటే నిశ్చింత. గోడ ఉబ్బి, పగిలి, గొట్టాలు మాత్రం పొడిగా ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి.

ఇక ప్రతి పేటలో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: "హుద్‌హుద్ అప్పుడు ఇక్కడ ఏమైంది?" ఆ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. ఆ రోజు వైజాగ్‌లో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. చెట్లన్నీ ఒకే దిక్కుకు పడిపోయాయి, కొండలు ఒక్క రోజులో మోడువారాయి, చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు, ఫోను లేవు. ఈ ప్రశ్నను బ్రోకర్‌ని అడగకండి. పాల బూత్ ఆయన్ని, వాచ్‌మన్‌ని, పక్క అపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్న పెద్దమ్మని అడగండి. ఏ వైపు కిటికీలు పగిలాయి, నీళ్లు ఎన్నో రోజున వచ్చాయి, కరెంటు ఎన్నో రోజున వచ్చింది అని అడిగి రాసుకోండి. నాలుగు పేటల జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ కన్సల్టెంటూ చెప్పలేనిది తెలుస్తుంది.

నీళ్లు, గాలి, చప్పుడు

నీళ్ల గురించి ఒకటే అడగండి: కుళాయికి వచ్చేది జీవీఎంసీ నీళ్లా, బోరా, ట్యాంకరా? నగరానికి రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, గోస్తని, ఏలేరు కాలువ నుంచి నీళ్లు వస్తాయి. కొత్త పేటలన్నిటికీ పైపులైను సమానంగా లేదు. సముద్రం పక్కన అందరూ బోర్లు లాగేకొద్దీ ఉప్పునీరు లోపలికి చొరబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ బోరు నీళ్లు గ్లాసుడు తాగి చూడండి. నెలకు ట్యాంకర్ల ఖర్చు ఎంతయిందో అసోసియేషన్ పుస్తకంలో కనిపిస్తుంది, అడిగితే చూపిస్తారు.

గాలి విషయంలో 2020 మే 7 తెల్లవారుజామును తలచుకోండి. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై నిద్రలో ఉన్న జనం మీద పడింది, పన్నెండు మంది చనిపోయారు. ఒకప్పుడు ఊరికి దూరంగా పెట్టిన ఫ్యాక్టరీల చుట్టూ తర్వాత ఊరు పెరిగింది. మీరు చూసే ఇంటి చుట్టూ మ్యాప్‌లో మూడు కిలోమీటర్ల వలయం గీసి, లోపల ఏ ట్యాంకులు, ఏ గోదాములు ఉన్నాయో చూడండి. నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ (పాత వుడా) మాస్టర్ ప్లాన్‌లో పక్క స్థలం రంగు ఏమిటో, రోడ్డు వెడల్పులో మీ ప్రహరీ పోతుందో లేదో కూడా అప్పుడే చూసేయండి. ఎయిర్‌పోర్టు, నౌకాదళ రన్‌వే వైపు పేటల్లో చప్పుడు ఎంతుందో ఒక పూట కూర్చుంటే చాలు.

భూమి గతం: ఇక్కడే దూరదేశం వాళ్లు ఎక్కువ మోసపోతారు

దూరంగా ఉన్న మనిషి స్థలం మీద అందరి కళ్లూ పడతాయి. తీరంలో భూమి ఖరీదైంది, దాని కథలు కూడా చిక్కుముళ్లే. పేట ఖరారయ్యాక, బేరం మొదలుపెట్టక ముందే ఈ పని చేయండి.

సర్వే నంబర్ అడిగి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా చూడండి, అందరూ 22ఏ అంటారు. అసైన్డ్ భూమి, ప్రభుత్వ భూమి, దేవస్థానం భూమి, సీలింగ్ మిగులు భూమి అందులో వస్తాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకం మీద 1977 చట్టం కింద ఆంక్షలు ఉన్నాయి. మాజీ సైనికులకు ఇచ్చిన భూములకు వేరే షరతులు ఉన్నాయి, మధురవాడ, కొమ్మాది, భీమిలి వైపు ఆ మాట తరచూ వింటారు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం వైపు చూస్తుంటే సింహాచలం దేవస్థానంతో ఈ ఐదు ఊళ్లకు ఉన్న పంచగ్రామాల భూ సమస్య గురించి పూర్తిగా తెలుసుకున్నాకే అడుగు వేయండి. అక్కడ దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటున్న కుటుంబాలు కూడా ఆ టెన్షన్‌తోనే బతుకుతున్నాయి.

ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) ముప్పై ఏళ్లకు తీయించండి, లింకు డాక్యుమెంట్లన్నీ (పాత అమ్మకాల దస్తావేజులు) మీ లాయర్ చేత చదివించండి. బిల్డర్ పరిచయం చేసిన లాయర్ వద్దు. ఎనిమిది ఫ్లాట్లు, 500 చదరపు మీటర్ల స్థలం రెండూ దాటిన ప్రాజెక్టుకు రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు తప్పనిసరి. ఆ నంబర్‌ను ఏపీ రెరా సైట్‌లో మీరే కొట్టి చూడండి. "వీఎంఆర్‌డీఏ అప్రూవ్డ్" అన్న బోర్డును నమ్మకండి, ఎల్పీ (లేఅవుట్ పర్మిషన్) నంబర్ అడగండి. "ప్రపోజ్డ్" అనే మాట ఎక్కడ కనిపించినా అది ఇంకా రాలేదని అర్థం.

ఎన్ఆర్ఐలు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఇల్లు, ఫ్లాట్, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా ఒప్పుకోదు. ఆనందపురం, భీమిలి వైపు "ఫామ్ ప్లాట్" పేరుతో అమ్మేవాటిలో చాలావరకు కాగితం మీద వ్యవసాయ భూములే, కాబట్టి అక్కడ ఆగండి. డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్లాలి, విదేశం నుంచి పంపినా, ఎన్ఆర్ఐల కోసం ఉండే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ లాంటి ఖాతాల నుంచి పంపినా. అమ్మేవాళ్లు కూడా విదేశంలో ఉంటే టీడీఎస్ (చెల్లింపులోనే పట్టుకునే పన్ను) నియమం వేరు, ఆడిటర్‌ని అడగండి. పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే ఒక్క ఇంటి కొనుగోలుకే, ఆ సర్వే నంబర్ రాసి ఇవ్వండి. భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాక, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అన్ని ఆస్తులకూ చెల్లే జనరల్ పవర్ ఎంత దగ్గరివాళ్లకైనా ఇవ్వకండి. అనుమానంతో కాదు, రేపు వాళ్లకు కూడా ఇబ్బంది రాకుండా ఉండటానికి.

అద్దెకు ఉండి చూడండి

పేట నచ్చింది, కాగితాలు బాగున్నాయి. ఇప్పుడు టికెట్ తీసుకుని రండి. హోటల్‌లో కాదు, అదే పేటలో నెలకో పదిహేను రోజులకో ఒక ఇల్లు అద్దెకు తీసుకోండి. అమ్మానాన్నలనూ తీసుకురండి. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఊళ్లోకి బయల్దేరి వాచీ చూసుకోండి. ఆదివారం సాయంత్రం ఆరింటికి బయటికి వెళ్లి తిరిగి రండి. రాత్రి పదకొండింటికి ఆస్పత్రి దాకా ఒకసారి కారు నడపండి. మిగతా సమయం మామూలుగా బతకండి.

రావడం అస్సలు కుదరకపోతే, ఒకరినొకరు ఎరగని ఇద్దరిని వేర్వేరు రోజుల్లో పంపండి. ఇద్దరూ వీడియో కాల్ చేసి, గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా ఫోన్ దించకుండా నడవాలి. మధ్యలో కట్ అయితే మళ్లీ గేటు దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఎడిట్ చేసిన వీడియో ఏదీ చూడకండి.

రాత్రి ఎనిమిదింటికి అపార్ట్‌మెంట్ ఎదురుగా నిలబడి, వెలుగుతున్న కిటికీలు లెక్కపెట్టండి. తీరంలో ఇది చాలా పెద్ద విషయం. మాలాగే విదేశాల నుంచి కొన్నవాళ్లు ఎక్కువుంటే సగం ఫ్లాట్లు ఏడాదంతా చీకటిగా ఉంటాయి. అలాంటి చోట మెయింటెనెన్స్ డబ్బులు సరిగ్గా వసూలు కావు, లిఫ్ట్ పాడైతే నెల పడుతుంది, అమ్మకు కాఫీ పొడి అప్పు అడగడానికి పక్కింటి తలుపు ఉండదు. నలభై ఫ్లాట్లలో పద్నాలుగు మాత్రమే వెలిగిన చోటు ఒకటి మాకు అన్ని విధాలా నచ్చింది. వదిలేసుకున్నాం.

చివరికి మా తమ్ముడు కొన్నది ఎంవీపీలో మూడో అంతస్తు. బాల్కనీలోంచి సముద్రం కనిపించదు, ఎదురింటి వాళ్ల ములగ చెట్టు కనిపిస్తుంది. నాన్న తెల్లవారకముందే లేచి బీచ్‌కి నడిచి వెళ్తారు, వచ్చేటప్పుడు రైతుబజార్‌లో ఆగి కూరలు తెస్తారు. తమ్ముడు ఫోన్ చేసే వేళకు ఆయన ఇంట్లో ఉండరు, అమ్మే ఫోన్ ఎత్తుతుంది.